పది నిమిషాల నమ్మకం

2012 డిసెంబరులో గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే పాత్రికేయుడికి ఊరూ పేరూ తెలియని మనిషి నుంచి ఈమెయిల్ వచ్చింది. పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మాట్లాడదామని అందులో ఉంది. గ్రీన్‌వాల్డ్ రేపు, మాపు అంటూ జరిపేశారు. ఎలా పెట్టుకోవాలో వీడియో చేసి పంపినా కదల్లేదు. దాంతో ఆ మనిషి, ఈ విద్య ముందే తెలిసిన డాక్యుమెంటరీ దర్శకురాలు లారా పోయిట్రస్‌ను వెతుక్కున్నాడు. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ అతనే.

గ్రీన్‌వాల్డ్‌ది బద్ధకం అనేయడం తేలికే. కానీ 1999లో ఆల్మా విట్టెన్, జె.డి. టైగర్ అనే పరిశోధకులు చదువుకున్న 12 మందికి గంటన్నర గడువిచ్చి, పీజీపీ 5.0తో రహస్య సందేశం పంపమన్నారు. ముగ్గురు దాన్ని ఉన్నదున్నట్టుగా పంపేశారు. ఏడుగురు అవతలివాళ్ల కీ వాడాల్సిన చోట తమ సొంత కీ వాడారు.

ఏడుగురిదీ ఒకటే తికమక. పబ్లిక్ కీ తెరిచి ఉన్న తాళంకప్ప లాంటిది. పదిమందికీ పంచొచ్చు, ఎవరైనా బిగించొచ్చు. తీయాలంటే మాత్రం దాని యజమాని దగ్గరున్న ప్రైవేట్ కీ కావాలి. సొంత కప్ప బిగించి పంపితే అవతలివాళ్లు ఏం చేస్తారు?

ప్రైవేట్ కీ అంటే కంప్యూటర్లో ఉండే చిన్న ఫైలు. ఎవరైనా కాజేసినా వాళ్లకు పనికిరాకుండా కాపాడేది పాస్‌ఫ్రేజ్. ఇది ఏ సర్వర్‌కూ వెళ్లదు కాబట్టి, మర్చిపోతే మార్చి ఇచ్చే నాథుడు లేడు. వేమన పద్యమో సినిమా పాటో పెట్టుకుంటే గుర్తుంటుంది నిజమే, ఊహించేవాడికీ ముందు అవే తడతాయి. పాచికలు వేసి, పడిన అంకెలను బట్టి మాటల పట్టికలోంచి పొంతన లేని ఆరేడు మాటలు ఏరుకోవడం మేలు.

అంత పొడుగు మాట మెయిల్ తెరిచినప్పుడల్లా కొట్టమంటే ఎవరికి ఓపిక? అందుకే పీజీపీ పద్ధతిలోనే నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూపీజీలో ఈ పని రెండు చిన్న ప్రోగ్రాములు పంచుకుంటాయి. పిన్‌ఎంట్రీ విడిగా ఒక పెట్టె తెరిచి పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, మెయిల్ ప్రోగ్రాముకు అది కనిపించదు. జీపీజీ ఏజెంట్ దాన్ని కాసేపు జ్ఞాపకం ఉంచుకుంటుంది. సెట్టింగు మార్చకపోతే 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. వాడిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదలవుతుంది, ఎంత వాడినా రెండు గంటలు దాటదు. ఆఫీసులో సీటు వదిలి టీకి వెళ్లేవాళ్లు ఈ గడువు తగ్గించుకోవడమే మంచిది.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఈ పద్ధతికి ప్రమాణమైన ఓపెన్‌పీజీపీని తనలోనే కలిపేసుకుంది. వాడకం సులువైంది గానీ ఒక మెలిక ఉంది. ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ల్యాప్‌టాప్ తెరవగలిగినవాళ్లు మెయిళ్లూ చదవగలరు.

కీ పోయిందని లోకానికి చాటడానికి రద్దు పత్రం ఉంటుంది. గ్నూపీజీ కొత్త వెర్షన్లు కీతో పాటే దాన్నీ తయారుచేస్తాయి. చాలామంది దాన్ని అదే కంప్యూటర్లో వదిలేస్తారు, హార్డ్ డిస్క్ చెడితే రెండూ కలిసే పోతాయి. కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో దాచడం పాతకాలపు పద్ధతే, పనికొచ్చే పద్ధతి కూడా.

ఇదంతా మనకు దూరపు సంగతేమీ కాదు. పన్ను రిటర్నులకూ కంపెనీ దాఖలాలకూ వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉండేది ప్రైవేట్ కీయే, దాని పిన్ పాస్‌ఫ్రేజ్ చేసే పనే చేస్తుంది. ఆ టోకెన్‌నూ పిన్‌నూ కలిపి ఆడిటర్ చేతికిచ్చే వ్యాపారులు ఎందరో. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ మాత్రం ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకునే బాధ్యత దాని యజమానిదే అంటోంది. కీ బయటికి పొక్కితే, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఆలస్యం చేయకుండా తెలపాల్సిందీ అతనే.