గంజాయి మీద సర్కారు మాటలు – నిజమెంత, కల్పన ఎంత?

మేము పదో తరగతిలో ఉండగా జూన్ 26న, మత్తుపదార్థాల వ్యతిరేక దినం నాడు, మన హాస్టల్‌కు ఒక అధికారి వచ్చారు. గంజాయి ఒక్క దమ్ము పీల్చినా పిచ్చెక్కి హత్యలు చేస్తారని చెప్పారు. వెనక వరుసలో కూర్చున్న ఏజెన్సీ మిత్రుడు కిసుక్కున నవ్వాడు. తాగేవాళ్లను వాడు చిన్నప్పటి నుంచీ చూసినవాడే. ఆ తర్వాత ఆయన చట్టం గురించీ, శిక్షల గురించీ చెప్పిన మాటలేవీ వాడి చెవికెక్కలేదు. ఇంటర్ మధ్యలో మానేసి, కూలికి గంజాయి మూట మోస్తూ పట్టుబడ్డాడు.

మిత్రులారా, గంజాయి మంచిదని చెప్పడానికి మేమీ వ్యాసం రాయడం లేదు. ఆ "ఒక్క దమ్ము" కథ ఎక్కడ పుట్టిందో వెతికాము. అమెరికా దాకా పోవలసి వచ్చింది.

అక్కడ 1930 నుంచి 1962 దాకా మత్తుమందుల శాఖకు అధిపతిగా ఉన్న హ్యారీ ఆన్‌స్లింగర్ గంజాయి తాగినవాళ్లు చేశారంటూ ఘోరమైన హత్యల కథలు పత్రికల్లోనూ, చట్టసభలోనూ చెప్పేవాడు. 1937లో గంజాయి పన్ను బిల్లు మీద విచారణ జరిగినప్పుడు అమెరికా వైద్య సంఘం తరఫున వచ్చిన డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ సూటిగా అడిగాడు: ఖైదీల్లో గంజాయి అలవాటున్నవాళ్లు ఎందరో చెప్పడానికి జైళ్ల శాఖను ఎందుకు పిలవలేదు? పిల్లలు తాగుతున్నారంటున్నారే, పిల్లల సంక్షేమ శాఖను ఎందుకు అడగలేదు? జవాబు రాలేదు సరికదా, బిల్లు సభకు వచ్చినప్పుడు వైద్యుల సంఘం ఏమంటోందని ఒక సభ్యుడు అడిగితే, వాళ్లు పూర్తిగా సమర్థిస్తున్నారని కమిటీ సభ్యుడొకరు చెప్పాడు. వుడ్‌వర్డ్ వచ్చింది వ్యతిరేకించడానికి! చట్టం మాత్రం అయిపోయింది.

అదే విచారణలో, గంజాయి తాగేవాడు తర్వాత హెరాయిన్‌కు మారతాడా అని అడిగితే అలాంటిదేమీ లేదన్న ఆన్‌స్లింగర్, 1955లో సెనేట్ కమిటీ ముందు దాని అసలు ప్రమాదమే అది అన్నాడు. ఈ మధ్యలో, 1944లో, న్యూయార్క్ మేయర్ లగార్డియా నియమించిన వైద్యుల కమిటీ ఐదేళ్లు పరిశీలించి, గంజాయి పెద్ద నేరాలకు కారణం కాదని, హెరాయిన్ వైపు నడిపించదని తేల్చింది. ఆయన ఆ నివేదికనే దుమ్మెత్తిపోశాడు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ తానే వేసిన షేఫర్ కమిషన్, సొంతానికి కొద్దిగా ఉంచుకోవడాన్ని నేరంగా చూడవద్దంది. ఆయన దాన్ని పక్కన పెట్టాడు.

మమ్మల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది 1998 నాటి చట్టం. గంజాయి వంటి వాటిని చట్టబద్ధం చేయాలనే ఏ ప్రయత్నాన్నయినా వ్యతిరేకించడం అధ్యక్షుడి మత్తుమందుల కార్యాలయం అధిపతి విధి అని అందులో రాశారు. పరీక్షకు ముందే జవాబు రాసిపెట్టినట్టు! 2002లో ఆ కార్యాలయం ప్రాసిక్యూటర్లకు పంపిన ఉత్తరంలో, దేశంలో గంజాయితో సమానమైన ముప్పు మరే మత్తుమందూ కాదని ఉంది. హెరాయిన్, కొకైన్ ఉన్న దేశంలో! ఇందులో అబద్ధాలున్నాయి, విచారించండని కాంగ్రెసు సభ్యుడు రాన్ పాల్ ఫిర్యాదు చేశాడు. 2003లో తనిఖీ సంస్థ ఇచ్చిన జవాబు సారాంశం: వ్యతిరేకించడం ఆ కార్యాలయం పనే కాబట్టి, ఒక్కొక్క మాటా నిజమా కాదా అని మేము పరిశీలించనక్కర లేదు.

అవతలి పక్షం వాళ్లూ తక్కువ తినలేదు. చెట్టు నుంచి వచ్చింది కదా, హాని ఏమిటంటారు. లేత వయసులో రోజూ తాగితే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయి. కొందరికి మానసిక రోగం వచ్చే ముప్పు పెరుగుతుంది, మానలేని అలవాటూ అవుతుంది. ఇంత నిజం చేతిలో ఉండగా హత్యల కథ ఎందుకో మాకు అర్థం కాదు.

విచిత్రమేమంటే, నిజం వెతికే పని మన దేశంలో అంతకుముందే జరిగింది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఏడుగురితో ఒక కమిషన్ వేసింది. ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్షులను విచారించి ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో "కారణం" అనే గడిలో "గంజాయి" అని చాలాచోట్ల ఉంది. ఎవరు రాశారని ఆరా తీస్తే, రోగితో పాటు వచ్చిన పోలీసు కాగితంలో ఉన్నదాన్నే గుమాస్తా ఎక్కించాడని తేలింది. 1892లో చేరినవారి కేసులను ఒక్కొక్కటీ తిరగదోడితే గంజాయి ఖాతాలో రాసినవాటిలో సగం కూడా నిలబడలేదు. మితిమీరితే హాని, మితంగా అయితే పెద్దగా లేదు, నిషేధం వద్దు, పన్నుతో అదుపు చేయండి అన్నారు. దొరలకు ఎక్సైజు ఆదాయం మీద ఆశ లేదని మేము అనం. కానీ రిజిస్టరు తెరిచి చూశారు.

ఇప్పుడు మనకున్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. హాస్టల్ తమ్ముళ్లకు నిజంగా చెప్పవలసింది ఇక్కడుంది. శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో వరకు ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, ఇరవై దాకా పోవచ్చు, బెయిలు దొరకడమూ కష్టమే. మూట ఎవరిదైనా మోసినవాడికీ అదే లెక్క. సరుకు యజమాని కొండ దిగి రాడు.

మా మిత్రుణ్ణి చూడడానికి ముగ్గురం జైలుకు వెళ్లాము. హాస్టల్ కబుర్లన్నీ అడిగాడు. ములాఖత్ సమయం అయిపోతుండగా అన్నాడు: "ఆ రోజు ఆయన కిలోల లెక్క చెప్పాడురా. అది కూడా కథే అనుకున్నాను."