బిడ్డ మొదట చదివేది మన ముఖాన్నే

మాటలు రాకముందే పసిబిడ్డ మన ముఖం చదువుతాడు. 1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ దీన్ని ఒక చిన్న పరీక్షతో చూపించారు. తల్లి బిడ్డతో నవ్వుతూ ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరకే చూస్తుంది. బిడ్డ నవ్వి చూస్తాడు, చేతులు చాపుతాడు, కేక వేస్తాడు. అయినా తల్లి పలకకపోతే ముఖం తిప్పుకుంటాడు, ఏడుస్తాడు. ఆమె మళ్లీ నవ్వుతూ పలకరిస్తే మెల్లగా తేరుకుంటాడు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు. పిలిస్తే పలికే మనిషి ఉన్నారన్న ధైర్యంతోనే బిడ్డ ఇతరులను నమ్మడం, తన దుఃఖాన్ని తానే సముదాయించుకోవడం నేర్చుకుంటాడు. రెండవది, ఏ తల్లీ అన్నివేళలా పలకలేదు. ఎడబాటు తర్వాత మళ్లీ దగ్గర కావడమే ముఖ్యం.

ఫోనులో మునిగిన మన ముఖం కూడా బిడ్డకు పలకని ముఖమే. కుటుంబ ప్రార్థనలో ప్రేమను గురించి చదివి, లేచిన వెంటనే కసురుకుంటే వాడికి ఏది గుర్తుంటుంది?

తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు గుర్తుచేశాడు. అమ్మానాన్నలు పనికోసం దూరాన ఉన్న ఇళ్లలో ఆ పలికే ముఖం అవ్వదో, సండే స్కూల్ టీచరుదో కావచ్చు. పిల్లల మనసు కృంగేలా వారికి కోపం రేపవద్దని తండ్రులను హెచ్చరించినదీ పౌలే.

కసురుకున్న రోజున, బిడ్డ నిద్రపోకముందే "తప్పు నాదే, నాన్నా" అని చెబుదాం. క్షమాపణ గురించి వాడికి మొదటి పాఠం మన ఇంట్లోనే దొరకాలి.