తులసి ఎండితే తప్పు చేతిది కాదు, చిల్లుది

తొట్టిలో తులసి వాడిపోతే మన ఇళ్ళలో రెండు పనులు జరుగుతాయి. ఒకరు పరుగున వచ్చి చెంబెడు నీళ్ళు పోస్తారు. ఇంకొకరు "ముట్టు రోజుల్లో ఎవరు తాకినారు?" అంటూ ఆడపిల్లల మొహాలు చూస్తారు. చెట్టు మాత్రం కోలుకోదు. ఎందుకంటే జబ్బు మన్నులోపల ఉంది.

వేరుకు నీళ్ళతోపాటు గాలి కూడా కావాలి. ఆ గాలి మన్ను రేణువుల సందుల్లో ఉంటుంది. నీళ్ళు దిగకుండా నిలిచిపోతే సందులన్నీ నిండి వేరుకు ఊపిరాడదు. పిథియం, ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులకు అదే అదను. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు. అందుకే తడిమన్నులో నిలబడి కూడా చెట్టు దాహం వేసినట్టే తల వాల్చేస్తుంది. అది చూసి మనం మళ్ళీ నీళ్ళు పోస్తాం!

మరి దాహమో ముంపో తెలిసేదెట్లా? నేను చేసే పరీక్షలు ఇవి.

వేలు రెండంగుళాలు లోపలికి గుచ్చండి. పొడిగా ఉంటే దాహమే, నీళ్ళు పోయండి. తడిగా ఉండీ ఆకు వాడితే వేరును అనుమానించాలి. తొట్టి ఎత్తి అడుగు చిల్లు చూడండి. మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడవండి. అప్పటికీ తేలకపోతే తొట్టిని పక్కకు వాల్చి, మన్నుముద్దతో సహా చెట్టును మెల్లగా బయటికి తీయండి. మంచి వేరు లేతరంగులో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు నల్లబడి, పట్టుకుంటే మెత్తగా ఊడొస్తుంది. మురుగు వాసన కూడా వేస్తుంది.

మన ధర్మపురి వైపు ఎర్రమన్ను ఎక్కువ. పొలంలో బాగానే ఉండే ఆ మన్నే తొట్టిలో రోజూ నీళ్ళు పోసేసరికి అణిగి గట్టిపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు తోడైతే ఇక చెప్పనక్కర లేదు.

కుళ్ళిన వేర్లు కత్తిరించేసి, పైకొమ్మలు కూడా కొంచెం తగ్గించండి. ఎర్రమన్నులో ముతక ఇసుక, బాగా చివికిన పేడ ఎరువు కలిపి మళ్ళీ నాటండి. నాలుగు రోజులు నీడలో ఉంచండి. కింద పళ్ళెం ఉంటే నీళ్ళు నిలవనీయకండి, దోమలు కూడా పెరుగుతాయి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. కానీ పైనున్న మన్ను పూర్తిగా నానితే తప్ప నీళ్ళు రాళ్ళలోకి జారవు. ఆ తడి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది, అంతే.

చచ్చిన తులసిని పీకేసి అదే మన్నులో కొత్తది నాటితే అదీ పోవచ్చు. "ఈ ఇంటికి తులసి అచ్చిరాదు" అనే మాట అక్కడే పుడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే వాదనకు దిగకండి. తొట్టి వాల్చి వేరు చూపించండి.