మాజీ సైనికుల గృహరుణాలు: పింఛను ఆధారం – అగ్నివీరుల పరిస్థితి

1. ఉపోద్ఘాతం:
శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ 2025 మే నెలలో జమ్మూ కాశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ జరిపిన కాల్పులలో వీరమరణం పొందారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన కుటుంబానికి 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలంతో పాటు 300 గజాల ఇంటి స్థలాన్ని కూడా ప్రకటించింది. సేవ ముగించి ఊరికి తిరిగివచ్చే సైనికుడు మాత్రం సొంత ఇంటికి సాధారణంగా రుణాన్నే ఆశ్రయించాలి. ఆ రుణానికి ఆధారమేమిటో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పింఛను – రుణార్హత:
అమెరికాలో 1944 నాటి చట్టం ద్వారా మాజీ సైనికుని గృహరుణంలో కొంత భాగానికి ప్రభుత్వమే హామీ వహిస్తున్నది. మన దేశంలో అటువంటి హామీ లేదు. బ్యాంకు ప్రధానంగా చూసేది నెలనెలా వచ్చే పింఛనునే. సైనికుడు మరణిస్తే భార్యకు అందే కుటుంబ పింఛనును కూడా బ్యాంకులు ఆదాయంగా పరిగణిస్తాయి. సిపాయిలు చాలామంది నలభై ఏళ్ల వయస్సుకు అటూఇటూగా విరమణ పొందుతారు కనుక దీర్ఘకాల వాయిదాలకు అవకాశం ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు రుణం ఇంటి విలువలో 90 శాతాన్ని మించరాదు. మిగిలిన సొమ్మును గ్రాట్యుటీ నుండి గాని, పొదుపు నుండి గాని సమకూర్చుకోవాలి. పింఛను చెల్లింపు ఉత్తర్వు, డిశ్చార్జి బుక్, స్థలం దస్తావేజులు సిద్ధంగా ఉండాలి.

3. ఇతర మార్గాలు:
1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ లాభాపేక్ష లేకుండా సైనికులకు, విశ్రాంత సైనికులకు, సైనికుల వితంతువులకు ఇళ్లు నిర్మిస్తున్నది. అయితే అవి నగరాలలోని సముదాయాలు. సొంత ఊరిలో ఇల్లు కట్టుకోదలచినవారికి వాటితో ప్రయోజనం తక్కువ. యుద్ధంలో మరణించిన, అంగవైకల్యం పొందిన సైనికుల కుటుంబాలకు కేంద్రీయ సైనిక్ బోర్డు గృహరుణ వడ్డీలో సగభాగాన్ని ఒక పరిమితికి లోబడి తిరిగి చెల్లిస్తుంది. దీనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి.

4. అగ్నివీరులు:
2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం నాలుగేళ్లు. ఆ తరువాత 25 శాతం వరకు మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. తక్కినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి లభిస్తుంది. పింఛను గాని, మాజీ సైనికుని హోదా గాని ఉండవు. సేవానిధి ఇంటి ఖర్చులో సొంత వాటాకు సరిపోవచ్చు. కాని వాయిదాలు చెల్లించగల నెలసరి ఆదాయానికి అది నిదర్శనం కాజాలదు. మరొక ఉద్యోగం దొరికేవరకు వారికి గృహరుణం కష్టసాధ్యమే.

5. ముగింపు:
మాజీ సైనికుల గృహరుణ వ్యవస్థ పింఛను అనే పునాదిపై నిలిచి ఉన్నది. తొలి విడత అగ్నివీరుల సేవాకాలం 2026 చివరి నుండి పూర్తి కానున్నది. పింఛను లేని వీరికి ప్రభుత్వ హామీ గాని, వడ్డీ రాయితీ గాని కల్పించడం అవసరం. అమరుని కుటుంబానికి ఇంటి స్థలం ఇచ్చిన స్ఫూర్తి, క్షేమంగా తిరిగివచ్చిన యువకునికి కూడా అందవలసి ఉన్నది.