వీధి గ్రూపులో మామ్మగారు లేరు!

మీ వీధికి వాట్సాప్ గ్రూపు ఉందా? ఉండే ఉంటుంది. తెల్లారేసరికి గులాబీల శుభోదయాలు, శనివారం వెంకన్న బొమ్మలు, మధ్యాహ్నానికి మోకాళ్ల నొప్పులకు చిట్కాలు... అవి తప్పని నేననను. కానీ అవసరం పడ్డ రోజున ఆ గ్రూపు మీకు అక్కరకొస్తుందా? మాకు మొదటిసారి అక్కరకు రాలేదు సరికదా, నిండా ముంచబోయింది. తప్పు నాదే!

ఆ రాత్రి ఏమైందంటే...

మాది కోనసీమలో గోదావరి గట్టుకు దగ్గరి వీధి. 2022 జూలై వరదలు గుర్తున్నాయి కదూ? భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకు గుండెల్లో దడ మొదలైంది.

ఆ రాత్రి నా ఫోనుకు ఎవరిదో గొంతు వచ్చింది. 'గట్టు తెగింది, వెంటనే ఇళ్లు ఖాళీ చేయండి' అని. మాట్లాడింది ఎవరో, ఏ ఊరి గట్టో, ఎప్పటి మాటో చూసుకోలేదు. గ్రూపులో పడేశాను. అంతే! పావుగంటలో పిల్లల్ని చంకనేసుకుని అందరం మెరకలో ఉన్న హైస్కూలుకు పరుగు తీశాం. తెల్లారాక చూస్తే మా గట్టు చెక్కుచెదరలేదు.

తలవంచుకుని ఇంటికొస్తే పక్కింటి మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒంటరి మనిషి. ఉన్నది మీటల ఫోను. "వీధి వీధంతా ఎక్కడికెళ్లారే? పెళ్లేమో అనుకున్నా, నన్ను పిలవలేదేం?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నిజంగానే గట్టు తెగి ఉంటే? అందరికంటే ముందు ఎవరికి చెప్పాలో, ఆవిడే మా గ్రూపులో లేరు.

మేం మార్చుకున్న పద్ధతులు

* కబుర్లకు ఒక గ్రూపు, అత్యవసరానికి ఇంకొకటి పెట్టుకున్నాం. రెండో దాంట్లో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చాం. మా పిల్లలు రెండు నిమిషాల్లో చేసిపెట్టారు.

* వరద కబురు అంకెతోనే రావాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీరు మన దగ్గరికి రావడానికి వ్యవధి ఉంటుంది. సర్దుకోవలసింది అప్పుడే. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థో, మన అధికారులో చెప్పిన మాటే గ్రూపులో పెడతాం.

* కబురు మీద రెండు బాణాల గుర్తు ఉంటే, అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఒక్క క్షణం ఆగండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లకు మన దేశంలో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక కబురును ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది ఆ ఏడాదే.

* అన్నిటికంటే ముఖ్యం: స్మార్ట్ ఫోను లేని ప్రతి ఇంటికీ ఒక తోడు ఇల్లు. కబురు రాగానే వెళ్లి తలుపు తట్టాలి. నెలలు నిండినవాళ్లెవరు, లేవలేనివాళ్లెవరు, రోజూ మందు పడాల్సినవాళ్లెవరు అన్నది కాగితం మీద రాసుకున్నాం. ఫోను చార్జింగు అయిపోయినా కాగితం చెరిగిపోదు కదా! దాని కిందే 112, 108 నంబర్లు రాశాం.

మామ్మగారి బాధ్యత నాది. రోజూ సాయంత్రం కాఫీ పట్టుకెళ్లి గ్రూపులో కబుర్లు చదివి వినిపిస్తాను. ఒకరోజు ఆవిడే, "ఎనభై ఆరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకెవరికైనా తెలుసుటే?" అన్నారు. ఏ గుమ్మం మునిగిందో, ఏ దారిలో ముందు నీళ్లొచ్చాయో, ఏ మెరక మీద వంటలు చేసుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ మాటలు ఆవిడ గొంతుతోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. మా గ్రూపు పుట్టాక అంత పనికొచ్చే కబురు ఇంకోటి రాలేదు!

అందుకే అంటున్నాను. ఇవాళే మీ వీధి గ్రూపు తెరిచి, అందులో ఎవరున్నారో కాదు, ఎవరు లేరో లెక్కపెట్టండి. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి, వాళ్ల గుమ్మం ఎక్కండి. ఏమంటారు?