తాళం బడికే వెయ్యండి, పిల్లలకి కాదు

2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫాను వస్తందంటే మా కృష్ణా జిల్లాలో బళ్లకి సెలవులిచ్చేశారు. 28వ తేదీ రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఘంటసాల వైపు కంకి మీదున్న వరి నేలకి ఒరిగిపోయింది. ఆ రోజుల్లో టీవీ పెడితే గాలి వేగం, పంట నష్టం, పడిపోయిన కరెంటు స్తంభాలు. అవన్నీ చెప్పాల్సిందే, కాదన్ను. కానీ ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడిగినట్టు నేను వినలేదు. బడికి తాళం వేసిన రోజున ఏ పిల్లోడు ఎక్కడున్నాడో వాళ్ల టీచరుకి తెలుసా?

"మూడ్రోజుల సెలవులకి ఇంత రాద్ధాంతం ఎందుకండీ" అంటారేమో. మూడ్రోజులకి తెలియనోళ్లకి మూడు నెలలకీ తెలియదు, రెండేళ్లకీ తెలియదు. అది మనం కళ్లారా చూశాం.

మేం డెల్టా చివరున్నోళ్లం. బడి మూతపడటం మాకు వింత కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేల మందిని పోగొట్టుకుంది. ఆ రాత్రి సంగతి మా ఇళ్లల్లో పెద్దాళ్లు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు. ఇప్పటికీ తుఫాను హెచ్చరిక వస్తే ముందు బడికి సెలవు, తర్వాత ఆ బడే పునరావాస కేంద్రం. గాలి తగ్గినా, జనం ఖాళీ చేసి గదులు కడిగేదాకా పాఠం మొదలవదు. అంటే బడి మూసే అలవాటు మనకుంది. మూసినాక పిల్లల్ని ఎట్టా పట్టుకోవాలన్న అలవాటే లేదు.

కరోనా కాలం గుర్తు చేసుకుందాం. మన రాష్ట్రంలో 2020 మార్చి 19 నుంచి బళ్లు మూసేశారు. తొమ్మిది, పది తరగతులోళ్లు నవంబరు 2న తిరిగొచ్చారు. ఒకటి నుంచి అయిదు దాకా చదివే చిన్నపిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. మూడు నెలలన్నా తిరక్కముందే, ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది దాకా మళ్లీ బంద్. తిరిగి తెరిచింది ఆగస్టు 16న. లెక్కేసుకోండి. 2020 మార్చిలో ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దుతున్న పిల్ల, సరిగ్గా నాలుగు నెలలు బడికి పోకుండానే మూడో తరగతికి చేరిపోయింది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అన్ను. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి విద్యామృతం, మిగతా తరగతులకి విద్యా వారధి అని పాఠాలేశారు. రేడియోలో చెప్పారు. పిల్లల్ని మూడు జట్లుగా విడగొట్టారు. స్మార్ట్ ఫోనో కంప్యూటరో ఉంటే హైటెక్, టీవీనో రేడియోనో ఉంటే లోటెక్, ఏదీ లేకపోతే నోటెక్. ఆ మూడో మాట వినంగానే నాకు గుండెల్లో ఏదో కలుక్కుమంది. ఇంట్లో ఉన్న సామానుని బట్టి పిల్లకి పేరు పెట్టారు గదా.

ఆ పేర్లు నిజం కూడా చెప్పలేదు. మా పేటలో ఒక ఇంట్లో స్మార్ట్ ఫోనుంది, కాబట్టి కాగితం మీద ఆ పిల్లోడు హైటెక్. ఫోను నాన్న జేబులో పొద్దున్నే ఆరింటికి రొయ్యల చెరువు మీదకి పోద్ది, రాత్రి ఏడున్నరకి ఇంటికొస్తది. పాఠం పదింటికి. ఇంక ఆ ఫోను ఉండీ పిల్లోడికి ఏం లాభం? ఇంకో ఇంట్లో ఫోను ఇంట్లోనే ఉంటది, రీఛార్జికి డబ్బులుండవు. ఇంకో ఇంట్లో అన్నీ ఉంటాయి, పిల్లలు ముగ్గురు, ఫోను ఒకటి. అది పదో తరగతి అన్నకే పోద్ది. చెల్లి వంతు ఎప్పటికీ రాదు.

లెక్కలు కూడా ఇదే చెప్తన్నాయి. దేశమంతా పల్లెల్లో చేసే అసర్ సర్వే ప్రకారం, బడిపిల్లలున్న ఇళ్లల్లో స్మార్ట్ ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. ఫోన్లు బాగానే పెరిగాయి. మరి చదువు? మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినోళ్లు 2018లో 22.6 శాతం, 2022కి 10.3 శాతం. సగానికి పైగా పడిపోయింది. తెలంగాణలో 18.1 నుంచి 5.2కి పోయింది. ఫోన్లు పెరిగినందువల్ల చదువు పోయిందని నా ఉద్దేశం కాదు. ఫోను ఇంటికి చేరితే చదువు దానంతటదే చేరుతుందన్న నమ్మకం తప్పు అంటన్నాను. 2022 డిసెంబరులో టాబులు కూడా ఇచ్చారు, ఎనిమిదో తరగతి పిల్లలకి. గుణింతాల దగ్గర ఆగిపోయిన మూడో తరగతి పిల్ల ఆ జాబితాలో లేదు.

మరేం చేస్తే పిల్లలు చెయ్యి జారిపోరు? దీనికి జవాబు నేను పుస్తకాల్లో కాదు, ఒక టీచరమ్మ స్కూటీ డిక్కీలో చూశాను. మా దగ్గర్లో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. పేరు రాయొద్దన్నారు, ఊరూ రాయను. ఆ డిక్కీలో అట్ట చినిగిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉండేది. పిల్లకో పేజీ. 28 మంది పిల్లలు, 28 పేజీలు. ఒక్కో పేజీలో రాసింది ఇది: ఇల్లు ఎక్కడ, ఇంట్లో ఫోను ఎవరిది, అది ఏ టైముకి ఇంట్లో ఉంటది, ఇంట్లో చదవడం వచ్చినోళ్లు ఎవరు, పొరుగూరు పనికి పోతే ఎవరిని అడగాలి, పిల్ల ఏ పాఠం దాకా చదవగలుగుతంది. ఆఖరి గడిలో ఒకటే మాట. చివరిగా ఎప్పుడు మాటాడాను.

ఆ ఆఖరి గడే మొత్తం పనికి ఇరుసండీ. రోజుకి ఏడుగురు పిల్లలకి, పిల్లకి పది నిమిషాలు ఫోను. అంటే గంటా పది నిమిషాలు. నాలుగు రోజుల్లో అందరూ అయిపోతారు, అయిదో రోజు దొరకనోళ్ల కోసం. నాన్న ఇంటికొచ్చే వేళకి, రాత్రి ఏడున్నర దాటాక చేసేవారు. బటన్ ఫోను చాలు. "అన్నం తిన్నావా" అని మొదలుపెట్టి, పేరా చదివించుకుని, ఒక లెక్క ఇచ్చేవారు. వారం తర్వాత ఆ లెక్క అడిగేవారు. పది రోజులు ఆ గడి ఖాళీగా ఉంటే స్కూటీ తీసేవారు.

బడి మూసినా మధ్యాహ్న భోజనం బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు ఇళ్లకి ఇచ్చారు గదా, ఆ రోజుల్ని కూడా ఆవిడ వదల్లేదు. అమ్మలు సంచి పట్టుకుని వచ్చినప్పుడు చేతిరాత కాగితం ఒకటి ఇచ్చేవారు, పాత కాగితం తీసుకునేవారు. కాగితం రాకపోతే ఎందుకు రాలేదో ఆ తల్లినే అడిగేవారు.

ఒకసారి నాలుగో తరగతి పిల్లోడి గడి ఖాళీ. ఫోను స్విచ్ఛాఫ్. ఇంటికి పోతే తాళం. వాళ్ల పిన్నిని అడిగితే, కుటుంబం మొత్తం కోడూరు అవతల చెరువు కాపలాకి పోయిందని తెలిసింది. గట్టు మీద పాక. టీచరమ్మ అంత దూరం పోయారు. పిల్లోడు మేత బస్తాల దగ్గర కూర్చునున్నాడట. ఈవిడ్ని చూడంగానే లేచి నిలబడి "ప్రెజెంట్ టీచర్" అన్నాడట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వారు, తర్వాత కాసేపు మాటాడలేదు. మేత బస్తా మీదున్న అక్షరాలే ఆ రోజు పాఠం చేశారట. ఫిబ్రవరిలో బడి తెరిచిన వారానికి వాడొచ్చాడు.

"ఒక మంచి టీచరు చేస్తే సరిపోయిందా? ఫోన్లో పది నిమిషాలు మాటాడితే చదువొస్తదా?" అని నన్ను అడిగినోళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. దీని మీద ఆఫ్రికాలోని బోట్స్వానాలో 2020లోనే పరీక్ష పెట్టి చూశారు. కొందరు పిల్లల ఇళ్లకి వారానికోసారి లెక్కలు మెసేజ్ పంపారు. ఇంకొందరికి మెసేజ్‌తో పాటు వారానికోసారి ఫోను చేసి, ఓ ఇరవై నిమిషాలు ఆ లెక్క చేయించారు. మామూలు ఫోన్లే. మెసేజ్ ఒక్కటే పోయిన చోట చెప్పుకోదగ్గ తేడా లేదు. మనిషి గొంతు వినపడిన చోట లెక్కలు మెరుగయ్యాయి. తర్వాత భారత్, నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్‌లో కూడా చేసి చూస్తే ఫోను మాటే పనిచేసింది. ప్రభుత్వ టీచర్లు చేసినా ఫలితం తగ్గలేదు. మా టీచరమ్మకి బోట్స్వానా ఎక్కడుందో అవసరం రాలేదు. కానీ ఆవిడ నోట్‌బుక్కూ అదే చెప్తంది. వాట్సాప్ గ్రూపులో వీడియో పడేసి "పంపేశాం" అనుకోవడం వేరు, పిల్ల గొంతు వినడం వేరు.

ఇంతవరకూ మంచి కథ. ఇప్పుడు చెడ్డది చెప్పాలి, అది కూడా ఆ టీచరమ్మే చెప్పమన్నారు.

2020లో అయిదో తరగతి అయిపోయిన పిల్లలున్నారు. వాళ్లు ఆరో తరగతికి హైస్కూలుకి పోవాలి. ప్రాథమిక పాఠశాల లెక్కలో వాళ్లు వెళ్లిపోయినోళ్లు. హైస్కూలు టీచర్లు వాళ్ల మొహం చూసిందే లేదు. అంటే నెలల తరబడి ఆ పిల్లలు ఎవరి పిల్లలూ కాదు. టీచరమ్మ కూడా జూన్‌లో ఆ పేజీలు పక్కన పెట్టేశారు. వాళ్లలో ఒకమ్మాయి వాళ్లమ్మతో పాటు రొయ్యల తలలు తీసే షెడ్డుకి అలవాటు పడిపోయింది. ఆ సంగతి ఏడాది దాటాక సంతలో తెలిసింది. "నేను ఫోను ఆపేసిన నెలే ఆ పిల్ల పనికి పోయింది అన్నయ్యగారూ. ఇంకో నాలుగు నెలలు నా పేజీలోనే ఉంచుకునుంటే పోయేదేముంది" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నేను ఏడో తరగతి మధ్యలో మానేసినోణ్ణి. ఆ ఏడు మా గుమ్మం తొక్కి "ఎందుకు రావట్లేదురా" అని అడిగినోళ్లు లేరు. అడిగుంటే ఏమయ్యేదో చెప్పలేను గానీ, అడగలేదన్నది మాత్రం ముప్ఫయ్యేళ్లయినా మర్చిపోలేదు.

అందుకే టీచర్ల మంచితనం మీద వదిలేస్తే కుదరదంటన్నాను. చట్టంలోనే మెలిక ఉంది చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్, టీచరు తల్లిదండ్రుల్ని కలుస్తూ పిల్ల హాజరు, చదువు సంగతి చెప్పాలంటది. 27వ సెక్షన్ టీచర్లకి చదువుకి సంబంధం లేని పనులు చెప్పొద్దంటది. కానీ మూడు మినహాయింపులు పెట్టింది: జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం. అంటే సరిగ్గా పిల్లకి టీచరు కావాల్సిన వేళకే టీచర్ని డ్యూటీకి లాగొచ్చు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం షాపుల దగ్గర క్యూలు చూడటానికి టీచర్లని వేసిన వార్త మనం చదివాం. డ్యూటీ లేనప్పుడు యాప్‌లో ఫోటోలు ఎక్కించే పని ఎట్టాగూ ఉంది. పిల్లకి ఫోను చేశావా అని అడిగే యాప్ మాత్రం లేదు. ఉండొద్దు కూడా, అది ఇంకో ఫోటో అయిపోద్ది.

నేనడిగేవి పెద్ద ఖర్చున్నవి కావు.

జూన్‌లో బడి తెరవంగానే ప్రతి తరగతికీ అట్టాంటి నోట్‌బుక్ ఒకటి తయారు కావాలి. వివరాలు బడి దాటి బయటికి పోకూడదు. ఫోను ఉందా లేదా కాదు, ఏ టైముకి ఇంట్లో ఉంటదో రాయాలి. తుఫాను కాలం రాకముందే, సెప్టెంబరులో ఒకసారి నెంబర్లు సరిచూడాలి.

అయిదో తరగతి పిల్ల పేజీని హైస్కూలు టీచరు సంతకం పెట్టి తీసుకునేదాకా పాత టీచరుదే బాధ్యత కావాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

విపత్తు డ్యూటీ వేసినప్పుడు బడికి కనీసం ఒక్క టీచర్ని పిల్లల కోసం వదిలిపెట్టాలి. ఫోను బిల్లు, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి. పదేళ్లుగా మా టీచరమ్మలాంటోళ్లు సొంత జీతంలోంచి పెడతన్నారు. అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు, సిగ్గుపడాల్సింది.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఆ ఒక్కరూ డ్యూటీకి పోతే తల్లిదండ్రుల కమిటీలో ఒకళ్లు ఆ నోట్‌బుక్ చూసుకోవాలి. పునరావాస కేంద్రంలో ఉన్న పిల్లలకి సాయంత్రం ఒక గంట చదివించాలి. ఆ కేంద్రం బడే గదా, బోర్డు గోడకే ఉంటది.

తల్లిదండ్రులకీ ఒక మాట. సెలవులు రాంగానే మీరే టీచరుకి ఫోను చెయ్యండి. "మేం ఫలానా ఊరు పనికి పోతన్నాం, ఈ నెంబరుకి చెయ్యండి" అని చెప్పి పొండి. టీచరు ఇంటికొస్తే తప్పు చేసినట్టు దాక్కోకండి.

మొంథా వెళ్లిన మర్నాడు ఆ టీచరమ్మకి ఫోను చేశాను. ఇప్పుడు వేరే బడిలో ఉన్నారు, పుస్తకం కొత్తది. "31 మంది, అందర్నీ పట్టుకున్నాను. ఒక్కడు మిగిలాడు, వాళ్లు మోపిదేవిలో అమ్మమ్మ గారింటికి పోయారట, సాయంత్రం చేస్తా" అన్నారు. మీ ఊరి బడిలో ఎంతమంది మిగిలారో ఒకసారి అడిగి చూడండి.