ముందు మల్గీ – వెనుక ఇల్లు



చార్మినార్ నుండి నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు పోతాయి. దక్షిణం రోడ్డు పట్టుకొని నడిస్తే శాలిబండ వస్తుంది. షా అలీ బండ అనే పేరే వాడుకలో శాలిబండ అయింది. ఇదే రోడ్డు ముందుకు అలియాబాద్, ఫలక్‌నుమా దాకా పోతుంది.

ఈ దారిలో కొన్ని పాత ఇండ్లు కనబడతాయి. ముందు దుకాణం, వెనుక ఇల్లు. అలాంటి ఇల్లు ఎట్లా కట్టారో తెలుసుకుందాం. ఎందుకు తెలుసుకోవాలో చివర చెబుతాను.

మల్గీ అంటే ఏమిటి?

రోడ్డు వైపు తెరుచుకునే దుకాణం గదిని హైదరాబాదులో మల్గీ అంటారు. కొందరు అందులో తామే కిరాణం పెట్టుకుంటారు. కొందరు కిరాయికి ఇస్తారు. మల్గీ సంపాదిస్తే ఇల్లు తింటుంది.

పాత మల్గీకి ఇనుప షట్టరు ఉండేది కాదు. నిలువు చెక్క పలకలు ఉండేవి. పొద్దున ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టేవారు. రాత్రి మళ్లీ వరుసగా బిగించేవారు. వాన నీళ్లు లోపలికి రాకుండా మల్గీని రోడ్డు కన్నా ఎత్తులో కట్టేవారు.

దుకాణం పక్కనే ఇంటి దర్వాజా ఉంటుంది. దర్వాజా దాటగానే చాలా ఇండ్లలో ఒక అడ్డుగోడ వస్తుంది. ఆ గోడ చుట్టూ తిరిగి లోపలికి పోవాలి. రోడ్డు మీద పోయేవారికి ఇంట్లో ఆడవాళ్లు కనబడకూడదని అట్లా కట్టారు.

నడుమ ఆకాశం

లోపల ఇంటి నడుమ పైకప్పు లేని జాగా ఉంటుంది. దీన్ని ఉర్దూలో సహన్ అంటారు. మన పల్లెల్లో భవంతి ఇండ్లకు కూడా ఇట్లాంటి జాగా ఉంటుంది. సహన్ చుట్టూ దాలాన్, అంటే కమాన్లు ఉన్న వరండా. దాని వెనుక అర్రలు.

ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. పక్క గోడలకు కిటికీలు పెట్టలేరు. వెలుగు, గాలి ఈ సహన్ నుండే రావాలి. పగలు వేడి గాలి పైకి పోతుంది. రాత్రి చల్లగాలి కిందికి దిగుతుంది. బియ్యం చెరగడం, బట్టలు ఆరేయడం, వడియాలు పెట్టడం అన్నీ ఇక్కడే. సహన్ మీద రేకులు కప్పితే అర్రలు చీకటి అవుతాయి. ఉక్కపోత మొదలవుతుంది.

గోడలే బరువు మోస్తాయి

ఇప్పటి ఇండ్లకు సిమెంటు పిల్లర్లు ఉంటాయి. పాత ఇండ్లకు అవి లేవు. రాయి, ఇటుక, డంగు సున్నంతో మందమైన గోడలు కట్టారు. ఆ గోడల మీద టేకు దూలాలు పెట్టారు. దూలాల మీద చిన్న వాసాలు, వాటి మీద ఇటుకలు, పైన సున్నం. అదే మిద్దె. మిద్దె బరువంతా గోడల మీదే ఉంటుంది.

అందుకే రెండు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: మల్గీ పెద్దది చేయాలని నడిమి గోడ కూలగొట్టకూడదు. దాని మీద దూలం ఉంటే మిద్దె కూలుతుంది.

రెండు: సున్నపు గోడకు సిమెంటు పూయకూడదు. సున్నం తేమను పీలుస్తుంది, మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే తేమ లోపలే నిలుస్తుంది. కొన్నాళ్లకు గోడ ఉబ్బి పెచ్చులు ఊడుతుంది. మరమ్మతు కూడా సున్నంతోనే చేయించాలి.

సర్కారు కూడా ఇట్లాగే కట్టింది

1908 సెప్టెంబరులో మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత నగరాన్ని బాగు చేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినార్‌కు ఉత్తరాన పత్తర్‌గట్టి బజారును రాతితో కట్టించింది ఈ బోర్డే. అక్కడ కూడా కింద దుకాణాలు, పైన ఇండ్లు.

ఇప్పుడు ఎందుకు తెలుసుకోవాలి?

పాతబస్తీ మెట్రో రైలుకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుండి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల దారి అది. శాలిబండలో ఒక స్టేషన్ అనుకున్నారు. రైలు కోసం రోడ్డు వెడల్పు చేయాలి. 2025 జనవరిలో ఇండ్లు కూల్చడం మొదలైంది. భూమికి గజానికి 81,000 రూపాయల లెక్కన పరిహారం ప్రకటించారు.

రోడ్డు వెడల్పు అయితే ముందు పోయేది ఏది? మల్గీ! అంటే ఇంటికి అన్నం పెట్టే భాగం. ముందు గోడ తీస్తే దాని మీది దూలాలకు ఆధారం పోతుంది. వెనుక ఇల్లు నిలిచి ఉన్నట్టే కనబడుతుంది. కానీ అది గట్టిగా ఉందో లేదో ఇంజినీరు చూసి చెప్పాలి. అంతదాకా ఆ అర్రలో పిల్లల్ని పడుకోబెట్టకండి.

లెక్క మనమే చేద్దాం. ఒక మల్గీ 20 గజాలు ఉందనుకోండి. 20 సార్లు 81,000 ఎంత? 16,20,000 రూపాయలు. కాగితంలో 20 గజాలకు బదులు 18 గజాలు అని రాస్తే 1,62,000 రూపాయలు పోయినట్టే!

మీరు చేయవలసిన పనులు

టేపు తెచ్చి మల్గీని, ఇంటిని కొలవండి. కొలతలు నోటుబుక్కులో రాసుకోండి.

ఇంటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కిరాయి కాగితం ఒక్కచోట పెట్టండి.

కాగితంలో ఎవరి పేరు ఉందో చదవండి. మీ పేరు ఉందా?

ఏ కాగితమైనా మొత్తం చదివాకే సంతకం చేయండి. తెలియని మాట ఉంటే అడగండి. అడగడం తప్పు కాదు.

ఒకప్పుడు ఇంటి కాగితం మీద వేలిముద్ర వేసి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. మన ఇంటి గోడను, మన ఇంటి కాగితాన్ని రెండింటినీ మనమే చదువుకుందాం.